ఎన్ని జీబీల కార్డు అని అడిగే ముందు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. అక్కడ ఏ కంప్యూటర్ షాపు ముందు పది నిమిషాలు నిలబడ్డా ఒక ప్రశ్న తప్పకుండా వినపడుతుంది: "గ్రాఫిక్స్ కార్డు ఎన్ని జీబీ?" స్క్రీన్ మీది బొమ్మలు తయారుచేసే భాగం ఆ కార్డు, దాని సొంత మెమరీ సైజే ఆ జీబీ. మొన్న దసరా సెలవుల్లో మా చిన్నమ్మ కొడుకుకి కంప్యూటర్ అసెంబుల్ చేయించడానికి వెళ్లాం. మా పక్కన ఒకాయన, పదో తరగతి చదివే కొడుకుతో నిలబడి ఉన్నాడు. కౌంటర్ మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి జీటీ 730, నాలుగు జీబీ. రెండోది జీటీ 1030, రెండు జీబీ. ధరలో పెద్ద తేడా లేదు. "నాలుగంటే డబుల్ కదా, అదే ఇవ్వండి" అన్నాడాయన. పిల్లాడి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. "అన్నా, ఒక్క నిమిషం" అని మధ్యలో కల్పించుకున్నాను.

ఆ రెండు డబ్బాల సంగతి అర్థమైతే గ్రాఫిక్స్ కార్డుల గందరగోళం సగం విడిపోయినట్టే. జీటీ 730 వచ్చింది 2014లో. దాంట్లో 64 బిట్ (డేటా దారి వెడల్పు) డీడీఆర్3 (పాత తరం) మెమరీ ఉన్న రకం సెకనుకు 14.4 జీబీల డేటాను మాత్రమే కార్డులో లెక్కలు చేసే చిప్‌కి అందించగలదు. జీటీ 1030 వచ్చింది 2017లో. దాని జీడీడీఆర్5 (గ్రాఫిక్స్ కోసమే చేసిన వేగమైన రకం) మెమరీ సెకనుకు 48 జీబీలు అందిస్తుంది. అంటే రెండు జీబీల కార్డు, నాలుగు జీబీల కార్డు కంటే మూడు రెట్లకు మించి వేగంగా చిప్‌కి మేత వేస్తుంది. మిద్దె మీద ఎంత పెద్ద ట్యాంకు కట్టినా, కిందికి దిగే పైపు అరంగుళందే అయితే కుళాయిలో నీళ్లు సన్నగానే వస్తాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసే జీబీ ఆ ట్యాంకు సైజు. పైపు సైజు ఎవరూ పెద్దగా రాయరు.

కథ అక్కడితో అయిపోలేదు. జీటీ 1030 డబ్బాను తిప్పి చూపించమని షాపతన్ని అడిగాను. వెనకాల, స్టిక్కర్ పక్కన, చిన్న అక్షరాల్లో డీడీఆర్4 అని ఉంది. 2018లో అదే పేరుతో, అదే రెండు జీబీలతో, మెమరీ మాత్రం మామూలు డీడీఆర్4కి మార్చిన రకం ఒకటి మార్కెట్లోకి వచ్చింది. దాని వేగం సెకనుకు 16.8 జీబీలు. పేరు మారలేదు, డబ్బా మారలేదు, లోపలి పైపు మాత్రం మూడో వంతుకు పడిపోయింది. ఆ డబ్బాను చేత్తో పట్టుకుని తిప్పి చూడకపోతే నేను కూడా మంచి రకమే అనుకుని ఆయనకు తప్పు సలహా ఇచ్చేవాణ్ణి.

నేను ఆయనకు చెప్పింది ఒకటే: "ఆ రెండూ వద్దు." ఆయనకు కావలసింది పిల్లాడి చదువు, యూట్యూబ్, కొంచెం వాలరెంట్ గేమ్. దీనికి విడిగా కార్డే అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే (కంప్యూటర్ మెదడు లాంటి చిప్) గ్రాఫిక్స్ ఉండేవి దొరుకుతాయి. ఏఎండీ కంపెనీలో రైజెన్ 5 5600జీ లాంటివి, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 8600జీ. వాటి లోపలి గ్రాఫిక్స్ జీటీ 730 కంటే బాగా నడుస్తుంది. అయితే ఒక షరతుంది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, భాగాలన్నీ అమర్చే పలక, అంటే మదర్‌బోర్డు మీది ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ. అందుకని 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా కాకుండా ఎనిమిదేసి జీబీల స్టిక్కులు రెండు వేయించాలి. రెండు స్టిక్కులంటే రెండు పైపులు. ఒకే స్టిక్ వేసి "గేమ్ ఆగి ఆగి ఆడుతోంది" అని బాధపడే వాళ్లను చాలామందిని చూశాను. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఒక స్టిక్‌తో సరిపెట్టుకోవాలనే ఆశ ఇంకా ఎక్కువైంది. కార్డు లేని కంప్యూటర్‌లో మాత్రం ఆ పని చేయకండి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకు ఐ5 12400ఎఫ్, దాంట్లో గ్రాఫిక్స్ లేనట్టే. రైజెన్ 5 5600లో కూడా లేదు, చివర జీ ఉన్నదాంట్లోనే ఉంటుంది. "ముందు కంప్యూటర్ కొంటా, కార్డు ఆర్నెల్ల తర్వాత కొంటా" అనుకుని ఎఫ్ రకం కొన్నవాళ్లకు ఇంటికెళ్లి స్విచ్ వేస్తే స్క్రీన్ మీద ఏమీ రాదు. డబ్బులు విడతలుగా వచ్చేవాళ్లు ఈ ఒక్క అక్షరం చూసుకోవాలి.

ఇప్పుడు మా తమ్ముడి, అంటే ఆ చిన్నమ్మ కొడుకు విషయం. ఖమ్మంలో బీటెక్ రెండో ఏడు. ఏడాదిగా ఇంట్లో బతిమాలి అరవై వేలు ఒప్పించుకున్నాడు. మానిటర్ ఇంట్లో ఉంది. వాడికి కావలసింది జీటీఏ 5, వాలరెంట్, ఈ రెండేళ్లలో వచ్చిన పెద్ద గేములు కొన్ని, ఫ్రెండ్స్‌తో కలిసి చేసే షార్ట్ ఫిల్ములకు ఎడిటింగ్, కాలేజీలో మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు. బస్సులోనే ఫోన్‌లో పన్నెండు కార్డుల పేర్లు రాసుకుని వచ్చాడు. "అన్నా, వీటిలో ఏది బెస్ట్?" అన్నాడు. "నీ మానిటర్ ఏది?" అన్నాను.

బడ్జెట్ కంప్యూటర్‌లో కార్డు ఎంపిక మానిటర్ దగ్గర మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం. 1920 బై 1080 స్క్రీన్‌లో సుమారు 20 లక్షల 70 వేల చుక్కలుంటాయి. సెకనుకు 60 సార్లు వాటన్నింటికీ రంగు లెక్కకట్టడమే కార్డు పని. 2560 బై 1440 స్క్రీన్‌లో అవి 36 లక్షల 80 వేలు దాటతాయి, అంటే పని ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. 4కేలో అయితే దాదాపు 83 లక్షలు. మా వాడిది 1080, 75 హెర్ట్జ్, అంటే సెకనుకు 75 సార్లు బొమ్మ మార్చేది. సెకనుకు 200 ఫ్రేములు (బొమ్మలు) తయారుచేసే కార్డు కొన్నా ఆ స్క్రీన్ చూపించేది 75. ఒక్క మాటతో వాడి లిస్టులో పైనున్న అయిదు పేర్లు పోయాయి. వాలరెంట్ లాంటి ఆటలు కార్డు కంటే ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి కాబట్టి దాని కోసం ఖరీదైన కార్డు కొనడం కూడా దండగే.

కింది నుంచి కొట్టేయడం అంత తేలిక కాదు. ఇక్కడ జీబీ నిజంగానే ముఖ్యమవుతుంది. పైన జీబీని అంత తక్కువ చేసి మాట్లాడాను కదా, దాని రెండో ముఖం ఇప్పుడు చెప్పాలి.

గేమ్ నడిచేటప్పుడు గోడల మీది ఇటుకలు, మనుషుల బట్టలు, రోడ్లు, వీటి బొమ్మలన్నీ కార్డు మెమరీలో ఉండాలి. వాటికి చోటు సరిపోకపోతే మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. అవసరమైన ప్రతిసారీ మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి గుండా లోపలికి రావాలి. కార్డు సొంత మెమరీ పక్కన ఆ దారి చాలా ఇరుకు. ఫ్రేముల సగటు బాగానే కనిపిస్తుంది గానీ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఆడేవాడికి చిరాకు తెప్పించేది సగటు కాదు, ఆ బిగుసుకుపోవడమే.

ఈ బాధకు ఒక పాఠంలాంటి కార్డు ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. 2022 జనవరిలో 199 డాలర్లకు వచ్చింది. మెమరీ నాలుగు జీబీ, పైపు 64 బిట్. అంతవరకు సర్దుకోవచ్చు. కానీ మామూలుగా కార్డుకి పదహారో ఎనిమిదో ఉండే పీసీఐ లేన్లు (ఆ దారిలోని వరసలు) దీనికి నాలుగే ఇచ్చారు. నాలుగో తరం పీసీఐ ఉన్న మదర్‌బోర్డులో ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు ఎనిమిది జీబీలు మోస్తాయి. మూడో తరం బోర్డులో పెడితే నాలుగుకు పడిపోతాయి. ఇక్కడే అసలు చిక్కు. ఇలాంటి చవక కార్డు కొనేది ఎవరు? పాత కంప్యూటర్‌కి ప్రాణం పోద్దామనుకునేవాళ్లు. వాళ్ల దగ్గర ఉండేది మూడో తరం బోర్డే. ఎవరి కోసం ఆ ధర పెట్టారో వాళ్ల దగ్గరే ఆ కార్డు ఎక్కువ తడబడింది. ఏ520 బోర్డు మూడో తరం, 5600జీ ప్రాసెసర్ కొత్త బోర్డులో పెట్టినా మూడో తరమే. పైగా ఆ కార్డులో వీడియో ఎన్‌కోడర్ లేదు, అంటే గేమ్ రికార్డు చేసే పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. మా వాడి లిస్టులో ఇది కింది నుంచి మూడోది. యూట్యూబ్ ఛానల్ పెట్టాలనుకునే కుర్రాడికి ఇది ఎలా పనికొస్తుంది?

అందుకని నా మాట ఇది: ఇవాళ కొత్త పెద్ద గేముల కోసం కొత్త కార్డు కొంటుంటే నాలుగు జీబీ వద్దు. 1080కి ఎనిమిది చూసుకోవాలి, ఆరు అంటే సెట్టింగులు తగ్గించుకోవడానికి సిద్ధపడాలి. జీబీ అనేది ఒక గడప లాంటిది. గడప దాటాక ఇంకెన్ని జీబీలు ఉన్నా వేగం పెరగదు. దాటకపోతే మాత్రం లోపలికే రానివ్వదు.

పైపు లెక్క కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2017 నాటి ఆర్ఎక్స్ 580కి 256 బిట్ పైపు, సెకనుకు 256 జీబీలు. 2023లో వచ్చిన ఆర్టీఎక్స్ 4060కి 128 బిట్టే, సెకనుకు 272 జీబీలు. కాగితం మీద దాదాపు సమానం. ఆటలో 4060 ఎక్కడో ముందుంటుంది. చిప్ తరం మారింది, లోపల పెద్ద క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) పెట్టారు, అందుకని బయటి మెమరీ దగ్గరికి అన్నిసార్లు పరిగెత్తక్కర్లేదు. ఒకే తరం కార్డులను పోల్చేటప్పుడే ఈ అంకెలు నిజం చెబుతాయి. తరాలు మారితే మీరు ఆడే గేమ్‌లో, మీ స్క్రీన్ సైజులో ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపించే పరీక్షల వీడియోలే దిక్కు.

పేర్ల మాయ జీటీ 1030తో ఆగలేదు. ఆర్టీఎక్స్ 3050 అంటే ఒకటే కార్డు అనుకుంటారు. 2022లో వచ్చిన ఎనిమిది జీబీ రకంలో 2560 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), 128 బిట్ పైపు, 130 వాట్ల వాడకం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆరు జీబీ రకంలో 2304 కోర్లు, 96 బిట్, 70 వాట్లు. రెండు జీబీల మెమరీ తగ్గించారంతే అనుకుంటే పొరపాటు, చిప్‌నే తగ్గించారు. ఆర్ఎక్స్ 580లో కూడా 2048ఎస్‌పీ అని తోక ఉన్న రకం ఒకటుంది. అసలు 580కి 2304 కోర్లుంటే దీనికి 2048, అంటే లోపల ఉన్నది 570 లాంటి సరుకు. షాపులో పేరు చెప్పగానే తలూపకుండా, పేరు తర్వాతి తోక మొత్తం చదవాలి.

అలాగని 3050 ఆరు జీబీని తీసిపారేయను. దానికి సరైన చోటు ఒకటుంది. ఆఫీసుల్లో వాడి పంపించేసిన బ్రాండెడ్ కంప్యూటర్లు రిఫర్బిష్డ్ పేరుతో హైదరాబాద్‌లో, విజయవాడలో తక్కువకు దొరుకుతున్నాయి. చాలామంది విద్యార్థులు వాటినే కొంటున్నారు. వాటిలో చిన్న సైజు మోడళ్లకు ఎస్ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే డబ్బా) 200 నుంచి 300 వాట్ల మధ్యే ఉంటుంది, అది కూడా ఆ కంపెనీ సొంత కనెక్టర్లతో, మార్చడానికి లేకుండా. పీసీఐ స్లాట్ నుంచి కార్డుకి అందే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. 70 వాట్ల కార్డు ఆ స్లాట్ కరెంటుతోనే నడుస్తుంది, విడిగా తీగ అక్కర్లేదు. క్యాబినెట్ సన్నగా ఉంటే సగం ఎత్తు ఉండే లో ప్రొఫైల్ కార్డు అడగండి. ముందు టేపు పెట్టి కొలుచుకుని వెళ్లడం మంచిది.

ఎస్ఎంపీఎస్ దగ్గరే మా వాడితో నాకు వాదన జరిగింది. వాడు వేయించుకున్న కొటేషన్‌లో క్యాబినెట్‌తో పాటు ఎస్ఎంపీఎస్ ఫ్రీ. మీద 450 వాట్స్ అని ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. పక్కకు తిప్పి స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూశాం. 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండుని పదహారుతో హెచ్చిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. మేం చూస్తున్న 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 కార్డుకి, 65 వాట్ల ప్రాసెసర్‌కి కలిపి 197. పైన రాసిన 450 ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఇక్కడ ఉన్నది 192. "తర్వాత మార్చుకుంటాలే అన్నా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పల్లెల్లో, పట్టణ శివార్లలో ఓల్టేజీ ఎప్పుడు ఎంతుంటుందో తెలియదు. నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతే ఒక్కోసారి మదర్‌బోర్డునీ, కార్డునీ కూడా తీసుకుపోతుంది. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తు ఉన్నది, 550 వాట్లది తీసుకున్నాం. దాని కోసం ఆర్జీబీ లైట్ల క్యాబినెట్ వదులుకోవలసి వచ్చింది. కాసేపు మూతి ముడుచుకున్నాడు గానీ, తర్వాత వాడే ఆ గుణకారం పక్కనున్న ఇంకో కుర్రాడికి చేసి చూపించాడు.

సెకండ్ హ్యాండ్ సంగతి కూడా అడిగాడు. అదే డబ్బుకు పెద్ద కార్డు వస్తుందన్న ఆశ సహజం. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం (లెక్కలు చేయించి ఆ కరెన్సీ సంపాదించడం) ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రీ పగలూ నడిచిన కార్డులు గుట్టలుగా పాత సామాన్ల మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడిపోయినట్టు కాదు. కానీ ఫ్యాన్ బేరింగులు అరిగి ఉండొచ్చు, మెమరీ మీద వేడిని లాగే థర్మల్ ప్యాడ్లు నూనె కారి ఎండిపోయి ఉండొచ్చు. కొనే ముందు అమ్మేవాళ్ల కంప్యూటర్‌లోనే పెట్టించి, జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి కోర్ల సంఖ్య, మెమరీ రకం చూడండి. పాత చిప్ మీద కొత్త పేరు ఎక్కించిన నకిలీ కార్డులు చాలావాటిని అది పట్టేసి ఫేక్ అని చూపిస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ అనే, కార్డుని గట్టిగా పనిచేయించే పరీక్ష పెట్టి పావుగంట నడపండి. స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తే, ఫ్యాన్ గరగరలాడితే లేచి వచ్చేయండి. కార్డు స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పినట్టే. ఎందుకు విప్పారో అడగండి. మే నెలలో మన గదిలోనే 40 డిగ్రీలుంటుంది. డిసెంబరులో బాగా నడిచిన పాత కార్డుకి అప్పుడు తెలుస్తుంది అసలు పరీక్ష.

పాతవాటిలో డ్రైవర్ల (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) సమస్య కూడా ఉంది. జీటీఎక్స్ 1050 టీఐ, 1060 మన దగ్గర ఎంతో పేరు తెచ్చుకున్న కార్డులు. వాటికి గేముల కోసం కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇక వచ్చేవి భద్రతకు సంబంధించిన అప్‌డేట్లే. పైగా 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ లాంటి గేములకు వెలుతురు కిరణాలను లెక్కకట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండి తీరాలి. జీటీఎక్స్ కార్డుల్లో అది లేదు. పాత ఆటలు ఆడుకునేవాళ్లకు ఇబ్బంది లేదు గానీ, మూడేళ్లు వాడుకోవాలని కొనేవాళ్లకు ఇది పెద్ద లోటు.

చివరికి మా ముందు మిగిలినవి ఆర్ఎక్స్ 6600, ఆర్టీఎక్స్ 3050 ఆరు జీబీ, ఇంటెల్ ఆర్క్ బీ580. ఆర్క్‌కి పన్నెండు జీబీల మెమరీ, 192 బిట్ పైపు ఉన్నాయి, కాగితం మీద అదే పెద్దది. కానీ ధర మా లెక్క దాటింది, 190 వాట్లు తింటుంది. దానికి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సెట్టింగు ఆన్ అయి ఉండాలి, ప్రాసెసర్ బలహీనంగా ఉంటే దాని పనితనం మిగతావాటి కంటే ఎక్కువగా పడిపోతుంది. కొత్త ప్రాసెసర్, పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్లు తప్పకుండా చూడవలసిన కార్డు అది.

మిగిలిన రెండింటి మధ్యే అసలు తర్జనభర్జన. ఆటల్లో 6600 స్పష్టంగా ముందుంది. ఎనిమిది జీబీలు, సెకనుకు 224 జీబీల పైపు, 3050కి 168. కానీ మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకు జీటీఎక్స్, ఆర్టీఎక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా వారి 'కుడా' (CUDA) సాఫ్ట్‌వేర్ అలవాటైన దారి. కాలేజీలో మాస్టార్లు చెప్పేదీ, ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలూ దాని మీదే ఉంటాయి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాళ్లకూ ఎన్‌విడియా వైపే మొగ్గు. చదువే ముఖ్యమైతే 3050, లేదా డబ్బులు కూడబెట్టి ఎనిమిది జీబీల ఆర్టీఎక్స్ 5050. అక్కడ మెమరీ సైజే మొదటి ప్రశ్న, ఎందుకంటే మోడల్ మెమరీలో పట్టకపోతే నడవడమే కష్టం. నేను ఇదంతా చెప్పి ఊరుకున్నాను. వాడే ఆలోచించుకున్నాడు. ప్రాజెక్టు ఏడాదికి ఒకటి, కాలేజీ ల్యాబ్‌లో మెషిన్లున్నాయి, ఇంటర్నెట్‌లోనే కార్డు వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్ ఉచితంగా దొరుకుతుంది. ఆట, ఎడిటింగ్ మాత్రం రోజూ ఇంట్లోనే. 6600 అన్నాడు.

బిల్లు రాసేటప్పుడు "జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తా" అన్నాడు షాపతను. 18 శాతం అంటే ఆశ పుట్టేంత మొత్తమే. కానీ బిల్లు లేకపోతే వారంటీ అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు. బిల్లుతోనే తీసుకున్నాం. డబ్బా మీది సీరియల్ నంబరు, కార్డు వెనకాల స్టిక్కర్ మీది నంబరు, బిల్లులో రాసిన నంబరు, మూడూ వాడు వేలు పెట్టి అంకె అంకె చదివి సరిచూశాడు. బిల్లులో ఒక అంకె తప్పు పడింది. షాపతను కొట్టేసి, సరిచేసి, పక్కన స్టాంపు వేసిచ్చాడు. వాడు ఫోన్‌లో ఫోటో తీసి చిన్నమ్మకు పంపాడు.